నాన్నగారి ఫైళ్ళు పాడవలేదమ్మా, అక్షరాలే వెంట రాలేదు

ప్రశ్న: అన్నయ్యా నమస్తే. మాది తెనాలి దగ్గర ఒక ఊరు. మా నాన్నగారు ఊళ్ళో డీటీపీ సెంటర్ నడిపేవారు. 2007లో కొన్న సిస్టమ్, విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగుకి అను ఫాంట్లు. శుభలేఖలు, గుడి కరపత్రాలు, దినకర్మ కార్డులు అన్నీ దాంట్లోనే చేసేవారు. ఆయన సొంతంగా రాసుకున్న శతకం 108 కంద పద్యాలు, మా ఊరి చరిత్ర ఒక 90 పేజీలు కూడా దాంట్లోనే ఉన్నాయి. అచ్చు వేయిద్దాం అనుకుంటుండగానే పోయిన ఏడాది ఆయన కాలం చేశారు. ఇప్పుడు నేను విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాను. ఆ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దీంట్లో చూస్తే పేజ్‌మేకర్‌వి అసలు ఓపెన్ అవ్వట్లేదు, వర్డ్ ఫైళ్ళు ఓపెన్ అయినా ఒక్క తెలుగు ముక్క లేదు, అన్నీ పిచ్చి గుర్తులు. రిపేర్ షాపులో చూపిస్తే ఫైళ్ళు కరప్ట్ అయ్యాయమ్మా, ఇంకేం రాదు, ఫార్మాట్ కొట్టేసి పిల్లలకి ఇచ్చేయండి అన్నారు. సీపీయూ ఇప్పుడు ఆ షాపులోనే ఉంది. అమ్మ రోజూ అడుగుతోంది ఏమైందని. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఇది చదవడం ఆపేసి ఆ షాపుకి ఫోన్ చేయండి, ఫార్మాట్ చెయ్యొద్దు, దాన్ని అలాగే పక్కన పెట్టండి, సాయంత్రం వచ్చి తీసుకెళ్తాం అని చెప్పండి. చెప్పారా, ఐతే ఇప్పుడు మిగతాది చదవండి.

మీ నాన్నగారి ఫైళ్ళు కరప్ట్ అవ్వలేదు. మీరు రాసింది చూస్తే నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు అవి నిక్షేపంలా ఉన్నాయి. కరప్ట్ అయిన ఫైల్ చాలావరకు ఓపెనే అవ్వదు, లేదా మధ్యలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోద్ది. మీకు వర్డ్ ఫైల్ ఓపెన్ అయింది, పేజీలు పేజీలుగానే ఉన్నాయి, పేరాలు పేరాలుగానే ఉన్నాయి, అక్షరాల చోట మాత్రం కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు, పౌండ్ గుర్తులు, డిగ్రీ గుర్తులు, అంతే కదా. అది కరప్ట్ కాదు, ఫాంట్ లేకపోవడం. నేను విజయవాడలో చాలా ఏళ్ళు డీటీపీ పని చేసినవాణ్ణి, ఇలాంటి ఫైళ్ళు పట్టుకుని కళ్ళనీళ్ళతో వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో, అందుకే మీ ఉత్తరం చూడగానే మిగతావి పక్కన పెట్టి దీనికి రాస్తున్నా.

అసలు ఏం జరిగిందో చెప్తా, తెలిస్తే మీకే ధైర్యం వస్తుంది. కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక నంబరు. ఇంగ్లీషు పెద్ద ఏ అంటే 65. మన డీటీపీలు మొదలైన రోజుల్లో తెలుగుకి కంప్యూటర్‌లో సొంత నంబర్లు వాడుకలో లేవు, అందుకని అను లాంటి సాఫ్ట్‌వేర్లు చేసినవాళ్ళు ఏం చేశారంటే ఇంగ్లీషు నంబర్లే తీసుకుని ఆ నంబరు వచ్చినచోట ఇంగ్లీషు అక్షరం బదులు తెలుగు ముక్క కనపడేలా ఫాంట్ గీశారు, ఒక నంబరుకి ఒక అక్షరం, ఇంకో నంబరుకి ఒట్టి కొమ్ము, ఇంకోదానికి ఒత్తు, ఇలా ముక్కలు ముక్కలుగా. స్క్రీన్ మీద అవన్నీ పక్కపక్కన అతుక్కుని చక్కటి తెలుగు కనపడేది. కానీ ఫైల్ లోపల ఉన్నది మాత్రం ఆ ఇంగ్లీషు నంబర్లే. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో తెలుగు, లేని సిస్టమ్‌లో పిచ్చి గుర్తులు. తర్వాత వచ్చిన యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 దాకా 128 గడులు విడిగా ఇచ్చారు, అ అంటే 3077, క అంటే 3093, ఇప్పుడు మీరు నాకు ఫోన్‌లో టైప్ చేసి పంపిన ఉత్తరం ఆ నంబర్లతోనే వచ్చింది, అందుకే ఎక్కడ తెరిచినా తెలుగే కనపడుతుంది. మీ నాన్నగారి ఫైళ్ళు పాత పద్ధతివి, మీ ల్యాప్‌టాప్ కొత్త పద్ధతిది. మీరు ఫైళ్ళు తెచ్చారు, ఫాంట్లు తేలేదు.

కాబట్టి మీకు మామూలు మనిషి పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి ఫోటోలు మార్చుకున్నట్టు కాపీ పేస్ట్ కొడితే సరిపోదు, ఇంకొంచెం పనుంది, కానీ మీరు ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన పనే. ఒక్కటే షరతు, ఆ పాత సిస్టమ్ ప్రాణంతో ఉండగానే చెయ్యాలి. ఎందుకంటే ఆ శతకాన్ని ఆయన చూసినట్టు చూపించగలిగేది ఇప్పుడు ఈ లోకంలో ఆ ఒక్క డబ్బానే.

ఇంటికి తెచ్చాక వెంటనే స్విచ్ వెయ్యొద్దు. పక్క డోర్ స్క్రూలు విప్పి లోపల దుమ్ము మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులపండి, ప్లగ్ తీసేసి ఉండగా. ఏడాదిగా సరిగ్గా వాడి ఉండరు కాబట్టి ఆన్ చేస్తే మానిటర్‌లో ఏం రాకుండా బీప్ బీప్ అని అరవొచ్చు, అదేం ఐపోయినట్టు కాదు, ర్యామ్ తీసి దాని బంగారు రంగు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ గట్టిగా నొక్కి పెడితే చాలాసార్లు వచ్చేస్తుంది. ఇంకోటి, తేదీ చూడండి, కింద కుడివైపు మూల. 2002 అనో 2005 అనో చూపిస్తుంటే లోపల మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఐపోయిందన్నమాట, సీఆర్ 2032 అని అడిగితే వాచీల షాపులో కూడా ఇస్తారు, తక్కువకే వస్తుంది, అది వేసి తేదీ సరిచేశాకే మిగతా పని మొదలెట్టండి. ఎందుకు చెప్తున్నానంటే తప్పు తేదీతో మీరు ఏ ఫైల్ సేవ్ చేసినా అది పాతదానికంటే పాతదిగా కనపడుతుంది, రేపు రెండు కాపీల్లో ఏది తాజాదో తేల్చుకోలేక మంచిదాన్ని మీరే డిలీట్ చేసుకునే ప్రమాదం ఉంది.

నెట్ మాత్రం కనెక్ట్ చెయ్యొద్దు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది, దాన్ని నెట్‌లో పెట్టడం అంటే తలుపులు తీసి పడుకోవడమే.

హార్డ్‌డిస్క్ చప్పుడు వినండి. మామూలుగా సన్నగా గిర్రుమంటుంది, అది పర్లేదు. గడియారంలాగా టక్ టక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే ఆపేసి నాకు రాయండి, ఇక అప్పుడు మీరు చెయ్యకూడదు, డేటా రికవరీ చేసేవాళ్ళకి ఇవ్వాలి. అలాంటి డిస్క్‌ని ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకొంత పోద్ది.

అంతా బాగుంది, ఎక్స్‌పీ వచ్చింది, పేజ్‌మేకర్ తెరుచుకుంది, శతకం ఫైల్‌లో తెలుగు కనపడింది అనుకుందాం. ఇక్కడ చాలామంది సంతోషంలో కాపీ మొదలెట్టేస్తారు. వద్దు. ముందు పీడీఎఫ్ చేయండి. ఫైళ్ళన్నిటికీ అక్కర్లేదు, నాన్నగారి శతకం, ఊరి చరిత్ర, ఇంకా ఆయన రాసినవి ఏమున్నా వాటికి. పేజ్‌మేకర్ 7 ఐతే దాంతోపాటే డిస్టిల్లర్ అని పీడీఎఫ్ తయారుచేసేది వస్తుంది, ఇన్‌స్టాల్ చేసుకుని ఉంటే ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్, అందులో అడోబ్ పీడీఎఫ్. లేకపోతే ప్రింట్ కొట్టి ప్రింటర్ల లిస్టులో చూడండి, డీటీపీ వాళ్ళందరూ ఏదో ఒక పీడీఎఫ్ ప్రింటర్ పెట్టుకునేవాళ్ళు, ప్రెస్‌కి పంపాలి కదా, మీ నాన్నగారిదీ ఉండే ఉంటది. సెట్టింగ్స్‌లో ఎంబెడ్ ఆల్ ఫాంట్స్ అన్నదానికి టిక్ ఉండాలి, ఇది మర్చిపోతే చేసిందంతా వృథా. ఎంబెడ్ అంటే ఫాంట్‌ని పీడీఎఫ్ పొట్టలోనే పెట్టి కుట్టేయడం, ఇక అది ఎక్కడికి వెళ్ళినా తన అక్షరాలు తనతోనే ఉంటాయి.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది అంటే ఆ పాత సిస్టమ్‌లో చూసి నమ్మొద్దు, దాంట్లో ఫాంట్ ఉంది కాబట్టి అన్నీ బాగానే కనపడతాయి. ఆ పీడీఎఫ్‌ని పెన్‌డ్రైవ్‌తో ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి అక్కణ్ణించి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా అమ్మగారి ఫోన్‌కి పంపండి. ఆ ఫోన్‌లో అను ఫాంట్ ఉండదు కదా. దాంట్లో తెలుగు కనపడితే ఫాంట్ లోపల కూర్చున్నట్టే. మొదటి పేజీ, మధ్యలో ఒకటి, చివరిది చూడండి, తలకాయ హెడ్డింగులు కూడా చూడండి, హెడ్డింగులకి వేరే ఫాంట్ వాడి ఉంటారు, అదొక్కటే ఎంబెడ్ అవ్వకుండా మిగిలిపోతుంటది. అమ్మగారు రోజూ అడుగుతున్నారన్నారు, ఆ సాయంత్రమే ఆమె చేతికి ఆయన పద్యాలు వస్తాయి, మిగతా పని ఇంకో నెల పట్టినా ఫర్వాలేదు.

ఇక ఫాంట్లు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, దాంట్లో ఫాంట్స్ ఫోల్డర్. ప్రియాంక లాంటి తెలుగు పేర్లు ఉన్నవన్నీ సెలెక్ట్ చేసి ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి, అను సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్ కూడా, ఆ సీడీ బీరువాలో ఎక్కడైనా ఉంటే అది కూడా దాచండి. ఏవి తెలుగువో తెలీకపోతే ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసేయండి, పెద్ద సైజేం ఉండదు. అను 6, అను 7 అని వెర్షన్లు ఉన్నాయి, ఒకదాంట్లో టైప్ చేసింది ఇంకోదాని ఫాంట్‌తో తెరిస్తే కొన్ని అక్షరాలు సరిగ్గా వచ్చి కొన్ని తారుమారు కావచ్చు, అందుకే నెట్‌లో ఏదో అను ఫాంట్ దొరికిందని వేసుకోకుండా ఆయన సిస్టమ్‌లో ఉన్నవే తెచ్చుకోమంటున్నా. ల్యాప్‌టాప్‌లో ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే చాలు, మీకు పిచ్చి గుర్తులుగా కనపడ్డ వర్డ్ ఫైళ్ళు మళ్ళీ తెరవండి, తెలుగై కనపడతాయి.

పేజ్‌మేకర్ ఫైళ్ళు అలా కాదు, వాటికి పేజ్‌మేకరే కావాలి. అడోబ్ వాళ్ళు దాని మీద పని ఆపేసి చాలా కాలమైంది, చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. విండోస్ 11లో కొందరు ఎలాగో ఇన్‌స్టాల్ చేసుకుని నడిపిస్తున్నారు గానీ ప్రింట్ దగ్గరో ఫాంట్ దగ్గరో మొరాయిస్తుంది, నేనైతే దాని మీద ఆధారపడమని చెప్పను. అడోబ్ వాళ్ళదే పేజీలు కూర్చే ఇంకో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ ఉంది, దాని పాత వెర్షన్లు, 2012లో వచ్చిన సీఎస్6 దాకా, పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరిచేవి, ఆ తర్వాతవి తెరవవు. మీ పక్క టౌన్‌లో ఏ పాత ప్రెస్‌లోనో సీఎస్6 ఇంకా ఉండే ఉంటది, పుస్తకం అచ్చు వేయించేటప్పుడు వాళ్ళ దగ్గరికెళ్ళొచ్చు. దానికోసం పీఎమ్‌డీ అని, పీ65 అని చివర ఉన్న ఫైళ్ళన్నీ దాచుకోండి, పీడీఎఫ్ చేశాం కదా అని పారేయొద్దు.

ఒక మెలిక ఉంది. పేజ్‌మేకర్‌లో పెద్ద బొమ్మలు పెట్టినప్పుడు ఆ బొమ్మ పేజీలో కనపడుతుంది కానీ చాలాసార్లు అసలు ఫైల్ ఇంకెక్కడో ఉంటది, దానికి దారి మాత్రమే పేజ్‌మేకర్ గుర్తుపెట్టుకుంటుంది. ఊరి చరిత్రలో గుడి ఫోటోలు, పాత గ్రూప్ ఫోటోలు పెట్టారనుకోండి, ఒట్టి పీఎమ్‌డీ ఒక్కటే తెచ్చుకుంటే ఫోటోలు మసకగా వస్తాయి, లేదా అసలు రావు. అందుకని ఆ ఫైల్ తెరిచి సేవ్ యాజ్ కొట్టండి, ఆ డబ్బాలోనే కాపీ అని ఒక చోట ఉంటది, అక్కడ ఆల్ లింక్డ్ ఫైల్స్ పెట్టి ఒక కొత్త ఫోల్డర్‌లో సేవ్ చేయండి, బొమ్మలన్నీ వెతుక్కుని తెచ్చి ఆ ఫోల్డర్‌లో పెడుతుంది.

ఇవన్నీ అయ్యాక మొత్తం డేటా మార్చడం. ఇక్కడ మీరు పెన్‌డ్రైవ్ అన్నారు కాబట్టి చెప్తున్నా, 64 జీబీ పెన్‌డ్రైవ్ కొత్తది కొని పాత ఎక్స్‌పీకి పెడితే డిస్క్ ఫార్మాట్ అయి లేదు, ఫార్మాట్ చెయ్యమంటారా అని అడగొచ్చు, ఎందుకంటే ఇప్పటి పెద్ద పెన్‌డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, అప్‌డేట్ లేని ఎక్స్‌పీకి అది అర్థం కాదు. 32 జీబీ ఐతే గొడవ ఉండదు, ఫ్యాట్32లో ఉంటది. కాకపోతే ఫ్యాట్32లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు, పెళ్ళి వీడియోలు ఉంటే అక్కడ ఆగుతుంది. ఇలా దఫాలు దఫాలుగా మోయడం కంటే సుఖమైన దారి ఇంకోటి ఉంది, పీడీఎఫ్‌ల పని పూర్తయ్యాక ఆ హార్డ్‌డిస్క్‌నే బయటికి తీసి కేబుల్‌తో ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి పెట్టేయడం. డెస్క్‌టాప్ డిస్క్ అరచేతి కంటే పెద్దదిగా బరువుగా ఉంటది, దానికి యూఎస్‌బీ కరెంట్ చాలదు, 12 వోల్టుల అడాప్టర్‌తో కలిపి వచ్చే కేబులే కొనాలి. 2007 సిస్టమ్ అంటున్నారు, దాంట్లో డిస్క్‌కి సన్నటి ఎర్ర వైరు ఉంటే శాటా, వెడల్పుగా బూడిదరంగు రిబ్బన్‌లా ఉంటే ఐడీఈ, రెండిటికీ కేబుల్స్ వేరు, రెండూ ఉన్న కాంబో కూడా దొరుకుతుంది.

డిస్క్ పెట్టాక ల్యాప్‌టాప్ ఏదైనా అడిగితే చదివి నొక్కండి. ఫార్మాట్ అంటే క్యాన్సిల్. ఈ ఫోల్డర్‌కి మీకు పర్మిషన్ లేదు, కంటిన్యూ అంటారా అంటే కంటిన్యూ కొట్టొచ్చు. కట్ మాత్రం జన్మలో వాడొద్దు, ఎప్పుడూ కాపీయే, కట్ చేసి పేస్ట్ చేస్తుండగా మధ్యలో కరెంట్ పోయినా కేబుల్ కదిలినా కొన్ని ఇక్కడ కొన్ని అక్కడ ఐపోయి ఏది వచ్చిందో ఏది రాలేదో తేల్చడం నరకం. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టి ఉంచండి, స్లీప్‌ని నెవర్ అని మార్చండి.

ఏమేం కాపీ చెయ్యాలి అంటే డీ డ్రైవ్, ఈ డ్రైవ్ మొత్తం, ఇది అందరికీ తెలుసు. అందరూ మర్చిపోయేది సీ డ్రైవ్. డెస్క్‌టాప్ మీద కనపడే ఫైళ్ళు, మై డాక్యుమెంట్స్ అన్నీ ఉండేది సీ లోనే. ఎక్స్‌పీలో సీ డ్రైవ్, డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, అందులో నాన్నగారి పేరుతోనో అడ్మినిస్ట్రేటర్ అనో ఒక ఫోల్డర్ ఉంటది, అది మొత్తం తెచ్చుకోండి.

దీని గురించి నేను ఇంత పట్టుపట్టి చెప్పడానికి మా ఇంట్లో జరిగింది కారణం. 2011లో మా అమ్మ వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకున్న పాటలు, మంగళహారతులు, పెళ్ళిళ్ళలో పాడే తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు ఒక్కోటి గుర్తు తెచ్చుకుని మా ఇంటి సిస్టమ్‌లో టైప్ చేసింది, నలభై పైన అయ్యాయి, రాత్రి గిన్నెలు కడిగాక వచ్చి కూర్చుని ఒక్కో వేలితో కొట్టేది. ఫైల్ డెస్క్‌టాప్ మీదే పెట్టుకుంది, ఎదురుగా ఉంటదని. సిస్టమ్ స్లో అయిందని నేను ఊళ్ళో లేనప్పుడు ఎవర్నో పిలిస్తే ఆయన డీ డ్రైవ్‌లోవి ఏం పోవమ్మా అని చెప్పి సీ ఫార్మాట్ కొట్టాడు. ఆయన చెప్పింది నిజమే, డీ లోవి ఏం పోలేదు. నేను వచ్చాక రికవరీ సాఫ్ట్‌వేర్లు అన్నీ వేసి చూశా, అప్పటికే దాని మీద కొత్త విండోస్ ఎక్కేసింది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. మళ్ళీ మొదలెట్టింది, పదకొండు పాటలు గుర్తొచ్చాయి. మీ ఉత్తరంలో ఫార్మాట్ అన్న మాట చూడగానే నాకు ఆ పదకొండే గుర్తొచ్చింది అమ్మా.

సరే, వైరస్ సంగతి. 2007, 2010 మధ్య డీటీపీ సెంటర్ సిస్టమ్ అంటే ఊళ్ళో ప్రతి పెన్‌డ్రైవూ దాంట్లోకి వెళ్ళొచ్చిందే. ఆ రోజుల్లో ఒక వైరస్ ఉండేది, ప్రతి ఫోల్డర్ లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ బొమ్మ పెట్టేది, అది ఫోల్డర్ కాదు, ప్రోగ్రామ్. డబుల్ క్లిక్ చేస్తే అంటుకుంటుంది. ఫోల్డర్ తెరిచినప్పుడు వ్యూలో డీటెయిల్స్ పెట్టుకోండి, టైప్ అన్న వరసలో ఫైల్ ఫోల్డర్ అని ఉంటే నిజమైనది, ఫోల్డర్ బొమ్మ ఉండి అప్లికేషన్ అని రాసి ఉంటే వైరస్, పైగా అన్నిచోట్లా దాని సైజ్ ఒకటే ఉంటది, అలా పట్టేయొచ్చు. డిస్క్ పెట్టగానే ల్యాప్‌టాప్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్ పెట్టండి, పీడీఎఫ్‌లకీ డాక్యుమెంట్లకీ మామూలుగా ఏం కాదు. ఒకవేళ ఫోల్డర్లు ఖాళీగా కనపడి డిస్క్‌లో మాత్రం జాగా నిండినట్టు చూపిస్తుంటే కంగారుపడొద్దు, వైరస్ వాటిని దాచేసి ఉంటది, ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించు అన్నది పెట్టి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దాచు అన్నదానికి టిక్ తీసేస్తే బయటపడతాయి.

కాపీ అయ్యాక రెండువైపులా ఫోల్డర్ మీద ప్రాపర్టీస్ చూసి ఫైళ్ళ సంఖ్య, సైజ్ సరిపోయాయా చూడండి. సైజ్ ఆన్ డిస్క్ అని కింద ఇంకోటి ఉంటది, అది తేడా వస్తుంది, పట్టించుకోవద్దు. ఫోటోలు ఏవో పది తెరిచి చూడండి, చాలు.

విండోస్ 11లో ఇంకో సంగతి, మీరు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యుంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తీసుకెళ్ళి వన్‌డ్రైవ్‌లో పెట్టేసే అవకాశం ఎక్కువ, దాంట్లో ఫ్రీగా వచ్చేది 5 జీబీయే, నిండిపోయింది డబ్బు కట్టండి అని గొడవ మొదలెడుతుంది. అందుకని నాన్నగారి ఫోల్డర్‌ని డెస్క్‌టాప్ మీద కాకుండా సీ లోనో డీ లోనో నేరుగా ఒక ఫోల్డర్ చేసి పెట్టండి. అలాగే చాలా కొత్త ల్యాప్‌టాప్‌ల్లో డిస్క్ తాళం వేసుకుని ఉంటది, బిట్‌లాకర్ అంటారు, ఎప్పుడైనా రిపేర్ వస్తే 48 అంకెల కీ అడుగుతుంది, అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకుని పుస్తకంలో రాసి పెట్టుకోండి. లేకపోతే ఇంత కష్టపడి ల్యాప్‌టాప్‌లోకి తెచ్చినవి మళ్ళీ అక్కడ ఇరుక్కుంటాయి.

ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని దాంట్లో ఒక కాపీ, అది మీ ఇంట్లో కాకుండా అన్నయ్య ఇంట్లోనో బాబాయి ఇంట్లోనో పెట్టండి. నాన్నగారి రచనల పీడీఎఫ్‌లు చిన్నవే కాబట్టి గూగుల్ డ్రైవ్‌లో ఫ్రీగా వచ్చే 15 జీబీలో కూడా వేసి ఇంట్లో నలుగురికీ షేర్ చేయండి.

ఇక పుస్తకం వెయ్యాలంటే, ఫోన్‌లో అందరూ చదవాలంటే, వెతికితే దొరకాలంటే యూనికోడ్‌లోకి మార్చాలి. ఎందుకంటే ఆ పీడీఎఫ్ కంటికి తెలుగే గానీ దాంట్లో ఒక పద్యం కాపీ చేసి పేస్ట్ చేస్తే మళ్ళీ ఆ పిచ్చి గుర్తులే వస్తాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి, పేజ్‌మేకర్‌లో టెక్స్ట్ అంతా సెలెక్ట్ చేసి టెక్స్ట్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకుని దాంట్లో వెయ్యాలి, ఈ ఎక్స్‌పోర్ట్ కూడా పాత సిస్టమ్ ఉండగానే చేసి పెట్టుకోండి. మార్చిన తర్వాత వందకి వంద కరెక్ట్‌గా రాదు, ముందే చెప్తున్నా. ఒత్తు ఒకటి పక్క అక్షరానికి పోవడం, వట్రుసుడి పోయి రావత్తు రావడం, పద్యాల్లో అరసున్నలు, బండి ఱలు ఎగిరిపోవడం, ఇవి మామూలు. ఎవరో ఒకరు కూర్చుని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడాల్సిందే.

దీంట్లో మీకు ఒక అదృష్టం ఉంది. నాన్నగారు కందాల్లో రాశారు. కందంలో నాలుగు పాదాలకీ ప్రాస ఉంటది కదా, రెండో అక్షరంలో అదే హల్లు నాలుగుసార్లూ రావాలి. కన్వర్టర్ అక్కడ తప్పు చేస్తే మూడు పాదాల్లో ఒకటి, నాలుగో దాంట్లో ఇంకోటి కనపడి వెంటనే దొరికిపోద్ది. యతి దగ్గర కూడా అంతే, గణాలు లెక్కేస్తే మాత్ర తగ్గిన చోట ఏదో గుణింతం పోయిందని తెలిసిపోతుంది. అమ్మగారికి ఆ పద్యాలు నోటికి వచ్చి ఉంటాయేమో అడగండి, మీరు చదువుతుంటే ఆమె వింటే చాలు, తప్పు పడ్డచోట ఆవిడ ఆపేస్తారు. రోజుకి నాలుగు పద్యాలైతే 27 రోజులు. ఊరి చరిత్ర వచనం కాబట్టి ఈ సౌకర్యం లేదు, మనుషుల పేర్లు, ఇంటిపేర్లు, సర్వే నంబర్లు మాత్రం రెండుసార్లు చూడండి, పేరు తప్పు పడితే ఊళ్ళో బాధపడతారు.

చివరిగా ఆ సిస్టమ్‌ని ఏం చెయ్యాలి. ఏం చెయ్యొద్దు, డిస్క్ మళ్ళీ లోపల బిగించి కనీసం ఒక ఏడాది అలాగే గుడ్డ కప్పి ఉంచండి, రెండు మూడు నెలలకోసారి ఒక గంట ఆన్ చేయండి. పుస్తకం అచ్చయ్యాక కూడా ఎవరికైనా ఇవ్వాలనుకుంటే హార్డ్‌డిస్క్ తీసేసి ఇవ్వండి. డీటీపీ సెంటర్ కదా, దాంట్లో ఊళ్ళో వాళ్ళ ఆధార్ కార్డులు, టెన్త్ సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు, పాస్‌పోర్ట్ సైజ్ ఫోటోలు స్కాన్ చేసినవి వందలకొద్దీ ఉంటాయి, వాళ్ళు నాన్నగారిని నమ్మి ఇచ్చినవి, అవి పాత సామాన్ల బండికి పోకూడదు. డ్రైవ్‌లు మొత్తం కాపీ చేసినప్పుడు ఆ స్కాన్లు మీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసి ఉంటే అక్కణ్ణించి తీసేయండి. పాత శుభలేఖలు మాత్రం తెచ్చుకోండి, ఇరవై ఏళ్ళ కిందటి ఊరి పెళ్ళిళ్ళన్నీ తేదీలతో, తాతల పేర్లతో సహా వాటిలో ఉన్నాయి, ఊరి చరిత్రకి అది వెనక జతచెయ్యదగ్గ సరుకు.

సీపీయూ ఇంటికి వచ్చాక డోర్ తీసి లోపల డిస్క్‌కి వెళ్ళే వైరు, డిస్క్ మీద స్టిక్కర్ రెండూ ఫోటో తీసి పంపండి, ఏ కేబుల్ కొనాలో చూసి చెప్తా. పేజ్‌మేకర్‌లో పీడీఎఫ్ ఆప్షన్ ఏదీ దొరక్కపోతే ఆ ప్రింటర్ల లిస్టు ఫోటో కూడా పెట్టండి.